మూడో చాటింపు

"అడుగు బయట పెట్టావంటే నా మీద ఒట్టే!"

అంతోనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఒక చెయ్యి ఈ తలుపు రెక్క మీద, ఇంకో చెయ్యి ఆ రెక్క మీద. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన సంగతి కూడా ఆవిడకి గుర్తు లేదు. వీధిలో కొడుకు స్నేహితుడు నవీన్ కుమార్ కారు హారన్ మోగుతూనే ఉంది. తిరువూరులో ఆ శనివారం పొద్దున వీధి వీధంతా నిద్ర లేచిందంటే అది ఆ హారన్ చలవే.

భుజాన బ్యాగు తగిలించుకుని జయకర్ హాలు మధ్యలో నిలబడ్డాడు. కాలుగాలిన పిల్లిలా వారం నుంచీ ఇల్లంతా తిరుగుతున్న మనిషి, ఇప్పుడు దారి దొరక్క అక్కడక్కడే కదులుతున్నాడు.

"ఒక్క రాత్రేనమ్మా. రేపు సాయంత్రానికి వచ్చేస్తాం."

"రేపు ఏంవారం?"

జయకర్ బ్యాగు పట్టీ సర్దుకున్నాడు.

"రేపు ఆదివారం. నీ పెళ్లికి మూడో చాటింపు. పెళ్లికొడుకు గుడిలో లేకుండా చాటింపేంటిరా? ఫాదర్ గారు నీ పేరు చదవగానే జనమంతా వెనక్కి తిరిగి శౌరయ్య కొడుకేడీ అని చూస్తారు. ఏం చెప్పను? ఫ్రెండ్సుతో తాగడానికి లంకకెళ్లాడని చెప్పనా?"

"తాగడానికి కాదమ్మా. ఊరికే సరదాగా..."

"నా చెవుల్లో పూలు పెట్టకు. ఆ కిరీటిగాడు నిన్న సాయంత్రం డిక్కీలో ఏం సర్దాడో మన వీధిలో చూడనివాళ్లు లేరు. అయినా తాగుడు సంగతి తర్వాత. చాటింపులు పడుతుండగా పెళ్లికొడుకు ఏరు దాటకూడదు. మా అమ్మ చెప్పేది, వాళ్లమ్మ చెప్పేది. నువ్వేమో ఏకంగా గోదారే దాటతానంటున్నావ్!"

"అవన్నీ మూఢనమ్మకాలని ఫాదర్ గారే అన్నారు."

"ఫాదర్ గారికి పెళ్లయిందా?"

జయకర్ సాయం కోసం వరండా వైపు చూశాడు. అక్కడ శౌరయ్య పేపరు చదువుకుంటున్నాడు. ఆర్టీసీ కండక్టరుగా ఉద్యోగమంతా అరిచి అరిచి, రిటైరయ్యాక మాటలు పొదుపు చేసుకుంటున్న మనిషి ఆయన.

"మీరేమీ చెప్పరా?" అంతోనమ్మ మొగుడి మీదికి తిరిగింది.

"చెబితే వింటాడా?"

"మీరు చెబితే వింటాడు."

"వినేవాడైతే నువ్వు చెప్పినప్పుడే వినేవాడుగా," అని ఆయన పేజీ తిప్పాడు.

అంతలో వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. "అమ్మా, పాలు!" అని రూత్ కేక పెట్టింది. అంతోనమ్మ "ఓరి దేవుడో" అంటూ లోపలికి పరిగెత్తింది. గుమ్మం ఖాళీ అయింది. జయకర్ ఇంక వెనక్కి చూడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. ఇరవై ఎనిమిదేళ్ల మగాడు, సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు, తన ఇంట్లోంచి తనే అలా పారిపోయాడు.

గేటు దగ్గర చెల్లెలు అడ్డుపడింది. రూత్ డిగ్రీ చదువుతోంది. నిలదీయడంలో తల్లి పోలికే, కాకపోతే గొంతు మాత్రం చిన్నది.

"ఆగన్నయ్యా. ఫాదర్ గారితో మాట్లాడావా?"

"ఏంటి మాట్లాడేది?"

"ఏంటేంటి? గ్లోరి వదిన పేరు సంగతి! అమ్మకి చెప్పొద్దన్నావని ఇన్నాళ్లూ ఊరుకున్నా."

జయకర్ కారు వైపు చూశాడు.

గడిచిన ఆదివారం గ్లోరి పెనుగొలను నుంచి మొదటిసారి ఈ గుడికి వచ్చి, కాబోయే అత్తగారి పక్కన కూర్చుని పూజ విన్నది. వాళ్లు ప్రొటెస్టెంట్లు, వీళ్లు కథోలికులు. పెళ్లి ఇక్కడ జరగడానికి గ్లోరి మనస్ఫూర్తిగానే ఒప్పుకుంది. వాళ్లమ్మ హెప్సిబా ఉపవాస ప్రార్థన చేసుకుని మరీ ఒప్పుకుంది. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో చదివే చాటింపుల్లో రెండోదాన్ని పూజ చివర ఫాదర్ గారు చదివారు. జయకర్‌కు, తెరేస గ్లోరికి పెళ్లి నిశ్చయమైందన్నారు.

తెరేస అన్నది చనిపోయిన అంతోనమ్మ తల్లి పేరు. కోడలు తమ గుడిలోకి వస్తోంది కదా, ఎలాగూ ఒక పునీతురాలి పేరు పెట్టుకోవాలి కదా, అది తన కన్నతల్లి పేరే అయితే ఎంత బావుంటుందీ అనుకుని ఆవిడ ముందుగానే ఫాదర్ గారికి ఆ పేరిచ్చింది. ఆవిడ మనసులో ముద్దే తప్ప మరో మాట లేదు. మొదటి చాటింపుకి గ్లోరి రాలేదు కనక ఆ పిల్లకి తెలియలేదు. రెండోసారి చెవులారా విని, చివరి ఆశీర్వాదం దాకా కూడా ఆగకుండా లేచి వెళ్లిపోయింది. తలనొప్పంట అని జయకర్ తల్లికి సర్దిచెప్పాడు. ఆవిడ నమ్మింది.

ఆ సాయంత్రమే గ్లోరి ఫోన్ చేసింది.

"మీకు తెలుసా?"

"ఒట్టు గ్లోరీ, నాకు తెలీదు. అమ్మే ఏదో..."

అబద్ధం. శుద్ధ అబద్ధం. అంతోనమ్మ ఆ పేరు చెప్పినప్పుడు జయకర్ ఫాదర్ గారి గదిలో పక్క కుర్చీలోనే ఉన్నాడు. "అమ్మాయికి ఇష్టమేనా?" అని ఫాదర్ గారు అడిగితే తలూపింది కూడా ఈ మహానుభావుడే. తర్వాత గ్లోరికి నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాడు. ఆ నెమ్మది ఇంతవరకూ రాలేదు.

"పేరు కలిపినందుకు కాదండీ నా బాధ," అన్నది గ్లోరి ఫోన్లో. స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి, ఏ మాటైనా తొందరపడకుండా వరసలో పెట్టి చెబుతుంది. "నన్నడిగితే నేనే సరే అనేదాన్నేమో. నన్నడగాలని ఎవరికీ అనిపించలేదు. మీకు తెలీదన్నారు కాబట్టి మీమీద నాకేం లేదు. మీరే వెళ్లి ఫాదర్ గారికి చెప్పండి. మూడో చాటింపులో చనిపోయిన మా నాన్న పెట్టిన పేరు ఉన్నదున్నట్టు వినపడాలి. వినపడకపోతే ఈ పెళ్లి నాకొద్దు."

అదీ సంగతి. ఫాదర్ గారి దగ్గరికి వెళితే ఆయన "నువ్వే కదయ్యా ఇష్టమేనన్నావ్" అంటాడు. అమ్మకి చెబితే "నిన్నడిగే కదరా ఇచ్చాను" అంటుంది. ఎటు కదిలినా గ్లోరికి చెప్పిన అబద్ధం బయటపడుతుంది. వారమంతా జయకర్ గుడి ముందు నుంచి బైకు మీద అటూ ఇటూ తిరిగాడే గానీ లోపలికి అడుగు పెట్టలేదు.

"చెప్పావా, లేదా?" రూత్ రెట్టించింది.

"చెప్పాను."

"నిజంగా?"

"నిన్న సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను. మారుస్తానన్నారు. చాలా? ఇంక దారి వదులు."

రూత్ మొహం విప్పారింది. "హమ్మయ్య! చెప్పి చావొచ్చుగా, వారం నుంచి నన్నెందుకు చంపుతున్నావ్? నేను వదినకి ఫోన్ చేస్తా."

"ఇప్పుడెందుకు?" అనబోయాడు. అప్పటికే నవీన్ కుమార్ కారు తలుపు తెరిచి అతన్ని లోపలికి లాగేశాడు.

*

విస్సన్నపేట దాటేసరికి కారులో పాటల హోరు మొదలైంది. నవీన్ కుమార్ డ్రైవింగు, పక్కన కిరీటి, వెనక సీట్లో జయకర్, అనిల్ కుమార్. నలుగురూ ఇంటర్ నుంచీ ఒకే జట్టు. అందులో అందరికంటే చిన్నవాడైన అనిల్ కుమార్ గ్లోరికి తమ్ముడు. అతని ఇంటికి వెళుతూ వస్తూనే జయకర్ గ్లోరిని చూసింది. నిశ్చితార్థం అయిన రోజు నుంచి అనిల్ అతన్ని పేరు పెట్టి పిలవడం మానేసి "బావా" అంటున్నాడు. ఆ పిలుపంటే అతనికి మహా సంబరం, అవసరం ఉన్నా లేకపోయినా వాడేస్తుంటాడు.

"బావా, నీళ్లు కావాలా బావా? బావా, ఏసీ పెంచమంటావా బావా?"

"ఒరేయ్, నువ్వింకోసారి బావా అన్నావంటే నిన్ను నూజివీడులో దింపేస్తా," అన్నాడు నవీన్.

"అననీరా. నాకు బావ లేడు," అన్నాడు కిరీటి. రైసు మిల్లువాళ్ల అబ్బాయి. బీరు సీసాలు, మసాలా పట్టించిన కోడి, అన్నీ వాడి ఏర్పాటే. తీరా వాడే శనివారం ముక్క ముట్టడు. "రాత్రి పన్నెండు దాటేదాకా నాకు పప్పే. మీరు మొత్తం ఊడ్చేశారంటే మాత్రం గోదాట్లో తోసేస్తా."

అందరూ నవ్వారు. జయకర్ కూడా నవ్వాడు, అందరి నవ్వూ అయిపోయాక.

హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆగారు. అనిల్ ఫోన్ చూసుకుంటూ గబగబా వచ్చాడు.

"బావా! అక్క మెసేజ్ పెట్టింది. రూత్ చెప్పిందంటగా, నువ్వు ఫాదర్ గారితో మాట్లాడావని. నీకు థాంక్స్ చెప్పమంది. రేపు పూజకి అమ్మని కూడా తీసుకెళ్తుందంట. మా అమ్మ మీ గుడికి రావడం ఎంత పెద్ద విషయమో నీకు తెలుసా?"

జయకర్ తాగని టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"వారం నుంచి అక్క అన్నం సరిగ్గా తినలా బావా. ఏంటే అంటే చెప్పదు. నిన్ను అడుగుదామనుకున్నా. మీ ఇద్దరి మధ్యా నేనెందుకులే అని ఊరుకున్నా. ఏమైతేనేం, తేల్చేశావ్." అనిల్ అతని భుజం మీద చరిచాడు.

"నేను ఒక ఫోన్ చేసుకొస్తా," అని జయకర్ పక్కకి వెళ్లాడు.

ఫాదర్ గారి నంబరు నొక్కాడు. మోగింది. ఏమని మొదలుపెట్టాలి? 'ఫాదర్, నేను ఆ రోజు మీకు చెప్పింది నిజం కాదు' అనాలి. ఆయన ఊరుకుంటాడా, ఎందుకు చెప్పావని అడుగుతాడు. అమ్మని పిలిపిస్తాడు. అవతల "హలో" అని వినపడేలోపే జయకర్ కట్ చేసి ఫోన్ జేబులో పడేశాడు. మళ్లీ ఫాదర్ గారే చేస్తారేమోనని భయం వేసి, తీసి సైలెంటులో పెట్టాడు.

ఇంకో ఆలోచన కూడా అతని బుర్రలో దూరింది. రేపు పాత పేరే చదివారనుకో. తను ఊళ్లోనే లేడు. "నేను చెప్పాను, ఫాదర్ గారే మరిచిపోయినట్టున్నారు" అనేయొచ్చు. పిరికివాడి బుర్ర అలాంటి సందర్భాల్లో ఎంత చురుగ్గా పనిచేస్తుందో! ఆ ఆలోచనకి అతనికే సిగ్గేసింది. సిగ్గేసినా దాన్ని వదల్లేదు.

*

రావులపాలెం దాటి, గట్టు వెంట చాలా దూరం వెళ్లాక రేవు వచ్చింది. కారు అక్కడే వదిలి ఇంజను పడవ ఎక్కారు. గోదారి ఎర్రగా, నిండుగా ఉంది. కొమ్మలు, గుర్రపుడెక్క దుబ్బులు కొట్టుకొస్తున్నాయి.

"ఎగువన వానలండి. రేప్పొద్దుటికి ఇంకా పెరుగుద్దండి, ఆయ్," అన్నాడు పడవ నడిపేవాడు. "లైఫు జాకెట్లు కట్టుకోండి బాబూ."

నడి ఏట్లో జయకర్‌కి తల్లి మాట గుర్తొచ్చింది. ఏరు దాటకూడదన్న మాట మీద అతనికి నమ్మకం లేదు. కానీ వెనక్కి వెళ్లడానికి ఒక సాకు దొరికితే బావుండునని మాత్రం అనిపించింది.

లంకలో కొబ్బరి చెట్ల మధ్య నాలుగైదు కాటేజీలు, భోజనాలకి ఒక రేకుల హాలు, హాల్లో పెద్ద టీవీ. దిగీ దిగగానే నవీన్ బ్యాగులోంచి అద్దెకు తెచ్చిన పెళ్లికొడుకు తలపాగా తీసి జయకర్ నెత్తిన పెట్టాడు. కిరీటి కేకు కోయించాడు. సగం కేకు జయకర్ మొహానికే పోయింది. పాటలు పెట్టారు, ఎగిరారు, వీడియోలు తీశారు. తలపాగా కళ్ల మీదికి జారిపోతుంటే జయకర్ కూర్చుంటాడు, లేస్తాడు, ఫోన్ చూస్తాడు, మళ్లీ కూర్చుంటాడు.

"ఒరేయ్, పెళ్లికొడుక్కి అప్పుడే పెళ్లికూతురు మీద బెంగ!" అన్నాడు నవీన్.

"బెంగ కాదురా, భయం," అన్నాడు కిరీటి.

ఆ మాట సూదిలా దిగింది. తలపాగా తీసి కుర్చీలో పెట్టి, జయకర్ ఏటి ఒడ్డుకు నడిచాడు. పొద్దు వాలుతోంది. ఈసారి తల్లికి ఫోన్ చేశాడు. చెప్పేయాలి. అమ్మకి ఒక్కదానికి చెప్పేస్తే ఆవిడే ఫాదర్ గారి దగ్గరికి వెళుతుంది. తిడుతుంది, ఏడుస్తుంది, కానీ వెళుతుంది.

"తిన్నావా నాయనా?" అంతోనమ్మ గొంతులో పొద్దుటి కోపం ఆనవాలు కూడా లేదు. "నీళ్లలో దిగకు. నీకసలే ఈత రాదు."

"అమ్మా, నీతో ఒకటి మాట్లాడాలి."

"నేనూ మాట్లాడాలనే చూస్తున్నారా. గ్లోరి ఫోన్ చేసింది. రేపు వాళ్లమ్మగారిని కూడా తీసుకొస్తానంది. నాకెంత సంతోషంగా ఉందో! వదినగారికి ముందు వరసలో ఫ్యాను కింద చోటు పెట్టమని రూత్‌కి చెప్పా. పిల్లకి మళ్లీ తలనొప్పి రాకూడదుగా."

"అది కాదమ్మా..."

"మా అమ్మ పేరు గుడిలో గట్టిగా చదువుతుంటే నాకు ఒళ్లంతా పులకరించిందిరా జయా. మా అమ్మ ఆ గుడి కట్టేటప్పుడు ఇటుకలు మోసింది. ఆవిడ పేరు ఇన్నాళ్లకి ఎవరి నోటనైనా వినపడుతోంది. రేపు ఇంకోసారి వింటా." ఆవిడ ముక్కు చీదుకుంది. "ఇందాక ఏదో చెప్పబోయావ్?"

"ఏం లేదమ్మా. రేపు వచ్చాక చెప్తా."

ఫోన్ పెట్టేసి గబగబా కాటేజీకి వచ్చి బ్యాగు తీసుకున్నాడు. ఇప్పుడు బయలుదేరితే తెల్లారేసరికి తిరువూరులో ఉండొచ్చు. పూజకి ముందే ఫాదర్ గారి కాళ్ల మీద పడొచ్చు. వారం రోజుల్లో అతనికి వచ్చిన మొదటి మంచి ఆలోచన అదే.

రేవులో పడవ కట్టేసి ఉంది.

"ఆఫీసరోళ్లు పడవలు ఆపెయ్యమన్నారండి," అన్నాడు పడవ మనిషి. "నీళ్లు తగ్గేదాకా కదిపితే నా లైసెన్సు పోద్దండి."

"ఎంత కావాలంటే అంత ఇస్తానయ్యా!"

"మీరెంతిచ్చినా గోదారి ఒప్పుకోదండి, ఆయ్."

వెనకనుంచి అనిల్ వచ్చాడు. చేతిలో ప్లేటు, ప్లేట్లో కోడి ముక్కలు. బ్యాగు వైపు చూశాడు, బావ మొహం వైపు చూశాడు.

"ఏమైంది బావా?"

"ఏం లేదు."

"అక్కతో ఏమన్నా గొడవా?"

"లేదన్నానా!"

అనిల్ ప్లేటు అతని చేతిలో పెట్టి, బ్యాగు తను తీసుకుని ముందు నడిచాడు.

*

రాత్రి పట్టిన వాన ఆదివారం పొద్దున తెరిపిచ్చింది కానీ ఏరు కాటేజీల మెట్ల దాకా వచ్చింది. రాత్రంతా జయకర్ కన్ను మూయలేదు. మిగతావాళ్లు టిఫిను దగ్గర కూర్చున్నారు. అప్పుడు నవీన్‌కి బుద్ధి పుట్టింది.

"ఒరేయ్, మన గుడి పూజ యూట్యూబ్‌లో లైవ్ వస్తుందిగా! యూత్ వాళ్లు పెడతారుగా! పెళ్లికొడుకు లంకలో కూర్చుని తన చాటింపు తనే టీవీలో వింటాడు. ఇలాంటిది ఎవడికైనా జరిగిందా?"

"వద్దురా," అన్నాడు జయకర్.

"ఎందుకొద్దు? మా అమ్మ కూడా కనపడుతుంది," అన్నాడు అనిల్. అప్పటికే రిమోటు వాడి చేతిలో ఉంది.

టీవీలో గుడి వచ్చింది. పూజ చివరికొచ్చింది. ముందు వరసలో ఫ్యాను కింద హెప్సిబా తెల్లచీరలో, బైబిలు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. పక్కన గ్లోరి, ఆ పక్కన అంతోనమ్మ. అంతోనమ్మ కోడలి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. గ్లోరి తీసుకోనిచ్చింది. నవ్వింది కూడా.

ఆ నవ్వు చూశాక జయకర్ కూర్చోలేకపోయాడు. ఫోన్ తీసి ఫాదర్ గారికి వాట్సాప్‌లో టైపు చేశాడు. 'ఫాదర్, అమ్మాయి పేరు గ్లోరి అని మాత్రమే చదవండి. ఆమెకి ఇష్టమని నేను అబద్ధం చెప్పాను. క్షమించండి.' కళ్లు మూసుకుని పంపేశాడు. ఒక్క టిక్కు పడింది. రెండో టిక్కు కోసం చూశాడు. టీవీలో ఫాదర్ గారు పీఠం ముందు నిలబడి ఉన్నారు. పూజలో ఆయన ఫోను ఆపేసి ఉంటుందని విచారణలో, అంటే ఆ గుడి పరిధిలో, చిన్న పిల్లలకి కూడా తెలుసు.

ఫాదర్ గారు కళ్లజోడు సర్దుకున్నారు.

"పెళ్లి చాటింపు. మన విచారణకు చెందిన శౌరయ్య, అంతోనమ్మల కుమారుడు జయకర్‌కు..."

"హోయ్!" అని నవీన్, కిరీటి బల్ల మీద దరువేశారు.

"...పెనుగొలను వాస్తవ్యులు, హెప్సిబా గారి కుమార్తె తెరేస గ్లోరికి పెళ్లి నిశ్చయమైనది. ఇది మూడో చాటింపు. ఈ పెళ్లికి అడ్డంకి ఏదైనా ఎరిగినవారు తెలియజేయవలెను."

దరువు ఆగలేదు. అనిల్ మాత్రం ఆగిపోయాడు. "తెరేస ఏంటి?" అన్నాడు.

టీవీలో గ్లోరి అత్తగారి చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది. లేచి నిలబడింది. అప్పుడు దరువు కూడా ఆగింది.

"ఫాదర్ గారూ, నేను చెప్పొచ్చాండీ?"

గుడిలో గుసగుసలు పుట్టాయి. ఫాదర్ గారు తలూపారు.

"ఆ పేరుగల అమ్మాయి మా ఇంట్లో లేదండీ. నా పేరు గ్లోరి. మా నాన్న పెట్టారు. మీరు మారుస్తానన్నారని చెబితే మా అమ్మని కూడా తీసుకొచ్చాను. అడ్డంకి అంటే ఇదేనండీ. ఇంకేం లేదు."

"మారుస్తానన్నానా? ఎవరితో అన్నానమ్మా?" ఫాదర్ గారు తికమకపడ్డారు. "నన్నెవరూ అడగలేదే!"

అంతోనమ్మ కంగారుగా లేచింది. "తల్లీ, ఆ పేరు నేనే ఇచ్చాను. మా అమ్మ పేరు. ముచ్చటపడి ఇచ్చాను. నీకిష్టం లేకపోతే ఇప్పుడే తీసేయిస్తా, దానికేముంది? కానీ దొంగచాటుగా ఇచ్చాననుకోకు. మావాణ్ని పక్కన కూర్చోబెట్టుకునే ఇచ్చాను. కదా ఫాదర్?"

"అవునమ్మా," అన్నారు ఫాదర్ గారు. "అమ్మాయికి ఇష్టమేనా అని నేను అడిగాను. ఇష్టమేనని అబ్బాయే చెప్పాడు."

హెప్సిబా బైబిలు మూసి కూతురి వైపు చూసింది.

"తనకేమీ తెలీదన్నారు అత్తయ్యా," అన్నది గ్లోరి. "ఒట్టు పెట్టి చెప్పారు."

"ఎవరు, మా జయానా?"

అంతోనమ్మకి ఆ మాట లోపలికి వెళ్లడానికి టైము పట్టింది. వెళ్లాక, బెంచి అంచు పట్టుకుని నెమ్మదిగా కూర్చుండిపోయింది. చివరి వరసలోంచి శౌరయ్య లేచి ముందుకు నడిచి వస్తున్నాడు. అంతలో బొమ్మ ఒక్కసారి ఊగి, టీవీ నల్లబడింది. గుడిలో ఎవరో కెమెరా ఆపేసినట్టున్నారు.

రేకుల హాల్లో ఇడ్లీల మీద ఈగలు ముసిరాయి. కిరీటి తన ప్లేటు వైపు చూస్తూ ఉండిపోయాడు.

అనిల్ రిమోటు బల్ల మీద పెట్టాడు. లేచి, కుర్చీ వెనక్కి జరిపి, జయకర్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం, ముక్కూ మొహం తెలియని మనిషితో మాట్లాడుతున్నట్టు మర్యాదగా ఉంది.

"జయకర్ గారూ," అన్నాడు. "మీకు తెలుసా?"

జయకర్ నోరు తెరిచాడు. 'తెలీదు' అన్న మాటే ముందుగా నాలుక మీదికి వచ్చింది.